కోత పొట్టకు, నొప్పి భుజానికి

పొట్టను పొడవుగా కోయకుండా, బొడ్డు దగ్గర ఒకటి, దానికి ఎడంగా మరో రెండో మూడో చిన్న రంధ్రాలు చేసి, ఒకదానిగుండా కెమెరాను, మిగిలినవాటిగుండా సన్నని పనిముట్లను లోపలికి పంపి చేసే శస్త్రచికిత్సను వైద్యులు ల్యాప్రోస్కోపీ అంటారు. జనం దానిని కెమెరా ఆపరేషన్ అనీ, రంధ్రాల ఆపరేషన్ అనీ పిలుచుకుంటున్నారు. పిత్తాశయంలో రాళ్లకూ, అపెండిక్స్ వాపుకూ, హెర్నియాకూ, గర్భాశయ, అండాశయ సమస్యలకూ ఈ పద్ధతి ఇప్పుడు జిల్లా పట్టణాలలో సైతం మామూలైపోయింది. అయితే ఈ చికిత్స చేయించుకున్నవారిలో ఎందరో మర్నాడు చెప్పుకునే బాధ పొట్టది కాదు, భుజానిది. ఎవరూ ముట్టుకోని, కత్తి సోకని భుజం పైభాగంలో, తరచుగా కుడివైపున, ఎవరో లోపలినుంచి లాగుతున్నట్టూ పీకుతున్నట్టూ ఒక నొప్పి పుడుతుంది. ఈ నొప్పి వచ్చేవారు వేర్వేరు అధ్యయనాల లెక్కలో నూటికి 35 నుంచి 80 మంది వరకూ ఉన్నారు. ఇంత మందికి రాగల బాధను గురించి ఆసుపత్రి గడప దిగేలోపు ఒక్క మాటైనా చెప్పే అలవాటు చాలాచోట్ల స్థిరపడకపోవడం వల్ల, నొప్పికంటే ముందు భయమే రోగిని పట్టుకుంటోంది.

నొప్పికి కారణం తెలియాలంటే శస్త్రచికిత్స మొదలయ్యే తొలి నిమిషాల దగ్గరకు వెళ్లాలి. మామూలుగా పొట్ట లోపల ఖాళీ జాగా ఉండదు. పేగులు, కాలేయం, జీర్ణాశయం ఒకదానినొకటి ఆనుకుని, పెరిటోనియం అనే పల్చని తడి పొర చాటున సర్దుకుని ఉంటాయి. కెమెరాకు దృశ్యం కనబడాలన్నా, పనిముట్టు మెసలాలన్నా ముందు అక్కడ చోటు కల్పించాలి. అందుకోసం రోగి మత్తులో ఉండగా బొడ్డు దగ్గర సూదిని గాని గొట్టాన్ని గాని దించి, దానిగుండా బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, ఒక యంత్రం సాయంతో నెమ్మదిగా నింపుతారు. రక్తపోటును కొలిచే పాదరస మిల్లీమీటర్ల లెక్కలోనే ఈ వాయువు ఒత్తిడిని కూడా కొలుస్తారు. సాధారణంగా దానిని 12 నుంచి 15 మధ్య నిలుపుతారు. మూడు, నాలుగు లీటర్ల వాయువు చేరేసరికి పొట్ట ఉబ్బి, వేలితో తడితే డోలు చప్పుడు వస్తుంది. పైకి గుమ్మటంలా లేచిన పొట్ట గోడకూ, కిందికి నొక్కుకుపోయిన అవయవాలకూ నడుమ ఏర్పడిన ఆ గదిలోనే శస్త్రచికిత్స అంతా జరుగుతుంది.

ఈ ఆలోచన వయసు నూరేళ్లు దాటింది. 1901లో జర్మన్ వైద్యుడు గియోర్గ్ కెల్లింగ్ ఒక కుక్క పొట్టలోకి వడగట్టిన గాలిని నింపి, గొట్టంగుండా లోపలి అవయవాలను చూపించాడు. 1910లో స్టాక్‌హోమ్‌లో యాకోబేయస్ మనుషుల పొట్టలోకి ఆ విధంగా చూసిన అనుభవాన్ని ప్రకటించాడు. 1980లో జర్మనీలోని కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే స్త్రీవ్యాధి వైద్యుడు ఈ మార్గంలో అపెండిక్స్‌ను తీయగా, 1985లో అదే దేశంలో ఎరిక్ మ్యూహె పిత్తాశయాన్ని తీశాడు. ఇద్దరూ తోటి సర్జన్ల నుంచి తీవ్రమైన విమర్శనే ఎదుర్కొన్నారు. భారతదేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో తెహెంతన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో మొదటిసారి పిత్తాశయాన్ని తొలగించాడు. తెలుగు గ్రామాలలో మాత్రం ఈ పేరు అంతకుముందే పరిచయం. కుటుంబ నియంత్రణ శిబిరాలకు వెళ్లివచ్చిన తల్లులు ల్యాప్రోస్కోపీ అనే మాటను ఇంటింటికీ తెచ్చారు.

తొలినాళ్లలో వాడిన మామూలు గాలి స్థానంలోకి కార్బన్ డయాక్సైడు రావడానికి బలమైన కారణాలున్నాయి. లోపల రక్తస్రావాన్ని ఆపేందుకు విద్యుత్తుతో కాల్చవలసివచ్చినపుడు ఈ వాయువు మండదు, మంటను పెంచదు. అంతకంటె ముఖ్యంగా, ఇది రక్తంలో ఆక్సిజన్‌కంటె ఇరవై రెట్లకు పైగా తేలికగా కరుగుతుంది. పొరపాటున రక్తనాళంలోకి కొంత చొరబడినా బుడగగా నిలిచి ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదం, మామూలు గాలితో పోలిస్తే, చాలా తక్కువ. కరిగిన వాయువును రక్తం ఊపిరితిత్తులకు చేరవేస్తే, రోజూ ఊపిరితో బయటికి పంపే వాయువుతోపాటే అదీ వెళ్లిపోతుంది. శస్త్రచికిత్స చివర రంధ్రాలగుండా చాలామటుకు వదిలేసినా ఎంతో కొంత లోపల మిగిలిపోతుంది. ఆ మిగులు చాలామందిలో మూడు రోజులలో, దాదాపు అందరిలో వారంలోపు ఇంకిపోతుంది. భుజం నొప్పి ఆయుష్షు కూడా ఇంచుమించు అంతే కావడం కాకతాళీయం కాదు.

పొట్టలోని వాయువు భుజాన్ని ఎలా నొప్పిస్తుందన్నది అసలు ప్రశ్న. వాయువు భుజం దాకా పాకిపోతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. పొట్టకూ ఛాతీకీ మధ్య గొడుగులా పరచుకున్న ఒక కండరపు పొర ఉంది. దాని పేరు డయాఫ్రమ్, పాఠ్యపుస్తకాలలో ఉదరవితానం. ఊపిరి పీల్చినపుడు కిందికి దిగుతూ, వదిలినపుడు పైకి లేస్తూ, నిద్రలో సైతం ఆగని కండరం అది. వాయువు నింపినపుడు ఈ గొడుగు పైకి సాగి, దానిని అంటిపెట్టుకున్న పొర తన్యతకు గురవుతుంది. పెరిటోనియం మీది తడిలో కార్బన్ డయాక్సైడు కరిగి, సోడానీటికి పులుపునిచ్చే కార్బానిక్ ఆమ్లంగానే మారి, ఆ పొరను రేపుతుంది. పైగా కాలేయానికీ ఉదరవితానానికీ మధ్య మామూలుగా ఉండే అంటుకునే గుణం, వాయువు దూరడంతో పోతుంది. అంతదాకా ఆ పట్టుమీద నిలిచిన కాలేయం తన బరువుతో కిందికి జారి, తనను కట్టి ఉంచే బంధనాలను లాగుతుంది. ఈ మూడింటిలో ఎవరికి ఏది ఎక్కువ బాధపెడుతుందో విడదీసి చెప్పడం కష్టం. మూడూ కలిసి పనిచేస్తాయనడమే న్యాయం.

ఉదరవితానం పడే ఈ బాధను మెదడుకు చేరవేసేది ఫ్రెనిక్ నాడి. విచిత్రమేమంటే, పొట్ట సరిహద్దులో ఉన్న కండరానికి చెందిన ఈ నాడి పొట్ట దగ్గరలో పుట్టదు. మెడలో వెన్నుపాము నుంచి మూడు, నాలుగు, అయిదు వరుసలలో వెలువడే నాడీమూలాల నుంచి బయలుదేరి, ఛాతీ అంతా దిగి, గుండె పక్కగా సాగి గొడుగును చేరుతుంది. ఇంత దూరప్రయాణానికి కారణం తల్లి గర్భంలో ఉంది. పిండానికి నాలుగో వారం నడుస్తున్నప్పుడు ఉదరవితానానికి మూలమైన కణజాలం మెడకు ఎదురుగా మొలకెత్తుతుంది. అక్కడే నాడిని అందుకుంటుంది. పిండం పెరిగేకొద్దీ అది కిందికి దిగిపోతూ, పుట్టింటి తాడును తెంచుకోకుండా వెంట తీసుకుపోతుంది. భుజం పైభాగపు చర్మానికి స్పర్శనిచ్చే నాడులు కూడా మెడలోని మూడు, నాలుగు మూలాల నుంచే వస్తాయి. రెండు ఊళ్లకు ఒకే పోస్టాఫీసు ఉండి, ఒక ఊరి నుంచి రోజూ ఉత్తరాలు వస్తూ, రెండో ఊరి నుంచి ఎన్నడూ రాకపోతే, ఒకనాడు చిరునామా లేని ఉత్తరం వచ్చినపుడు పోస్టుమాస్టరు దానిని తెలిసిన ఊరిదిగానే లెక్కవేస్తాడు. మెదడు చేసేదీ అదే. దెబ్బ, బరువు, చలి, వేడి అంటూ జీవితమంతా కబురు పంపిన భుజం దానికి తెలుసు, మౌనంగా ఉన్న ఉదరవితానం తెలియదు. అందువల్ల ఆ నొప్పిని భుజం ఖాతాలో రాసుకుంటుంది. ఒకచోట పుట్టి మరొకచోట తెలిసే ఇలాంటి బాధను వైద్యశాస్త్రం రెఫర్డ్ పెయిన్ అంటుంది. గుండెపోటులో ఎడమ చెయ్యి లాగడం ఈ కోవలోనిదే.

నొప్పి తీరును గమనిస్తే ఈ వివరణ ఎంత సరైనదో తేటపడుతుంది. శస్త్రచికిత్స రోజున మత్తు ప్రభావంలో, వెల్లకిలా పడుకున్న రోగికి భుజం గుర్తు రాదు. ఆ సాయంత్రమో మర్నాడు ఉదయమో లేచి కూర్చున్నపుడు, మిగిలిపోయిన వాయువు పైకి తేలి ఉదరవితానం కిందికి చేరుతుంది, దానితో నొప్పి మొదలవుతుంది. పడుకుంటే వాయువు అక్కడినుంచి తప్పుకోవడంతో సర్దుకుంటుంది. లోతుగా ఊపిరి తీస్తే కలుక్కుమంటుంది. మొదటి రెండు రోజులు ఎక్కువగా ఉండి, ఆ తరువాత దిగిపోతుంది. భుజాన్ని వేళ్లతో నొక్కి చూస్తే ఎక్కడా నొప్పి చుక్క దొరకదు. చేతిని పైకెత్తినా చుట్టూ తిప్పినా బాధ పెరగదు. కీలు బాగానే ఉంది, అందులో వెదకడానికేమీ లేదు. అలాగాక చెయ్యి కదిలించినపుడే నొప్పి వస్తుంటే, ఆపరేషన్ బల్లమీద చేతిని ఉంచిన తీరువల్ల కీలుకు శ్రమ కలిగి ఉండవచ్చు, ఆ సంగతి వైద్యునికి చెప్పాలి. ఈ రోజులలో చాలామందిని మర్నాడే ఇంటికి పంపుతారు కాబట్టి, నొప్పి తీవ్రమయ్యే సమయానికి రోగి నర్సుల కళ్లెదుట ఉండడు. ఇంటి మంచం మీదో, ఇంటికి వెళ్లే బస్సులోనో ఉంటాడు.

ఇక్కడే ఒక మాట తెలుగు ఇళ్లలో పెద్ద గందరగోళాన్ని తెచ్చిపెడుతోంది. అది గ్యాస్ అనే మాట. ఫోనులో అడిగితే ఆసుపత్రివారు అది గ్యాస్ నొప్పి, తగ్గిపోతుంది అంటారు, ఆ మాట నిజమే. అయితే వినే ఇంటికి గ్యాస్ అంటే తిన్నది అరగక పేగుల్లో చేరే వాయువు. వెంటనే వాము నమిలించడం, జీలకర్ర కషాయం పట్టించడం, సోడా తాగించడం, అరుగుదల మాత్రలు మింగించడం మొదలవుతుంది. శస్త్రచికిత్స వాయువు ఉన్నది పేగు లోపల కాదు, పేగు వెలుపల, నోటికీ మలద్వారానికీ దారిలేని చోట. త్రేన్పు వచ్చినా అది పోదు, అపానవాయువు వెళ్లినా అది తగ్గదు. దానికి ఉన్న దారి ఒక్కటే, రక్తంలో కరిగి ఊపిరిలో పోవడం. మత్తు తరువాత పేగులు మందగించి నిజంగానే కడుపుబ్బరం కూడా రావచ్చు. దానికి వాము నీళ్లు కొంత హాయినిస్తే కాదనవలసిన పనిలేదు. కాని భుజం నొప్పికి వామును నమ్ముకోవడం తాళం ఒక తలుపుకుంటే మరో తలుపు తట్టడమే. సోడా తాగితే, ఉబ్బిన పొట్టకు మరికొంత వాయువు తోడవుతుంది, అంతే.

సర్జన్, మత్తు వైద్యుడు కలిసి ఈ నొప్పిని చాలావరకు ముందే తగ్గించగలరు. పని సాగినంత మేరకు వాయువు ఒత్తిడిని 8 లేదా 10 దగ్గర ఉంచడం ఒక మార్గం. చివరలో రంధ్రాల మూతలు తెరిచి ఉంచి, రోగి తలవైపు వాల్చి, మత్తు వైద్యుడు ఊపిరితిత్తులలోకి నాలుగైదు పెద్ద ఊపిరులను ఊది కాసేపు నిలపడం మరో మార్గం. దీనివల్ల ఉదరవితానం కిందికి దిగి, చాటున దాగిన వాయువును బయటికి తోసేస్తుంది. ఈ రెండో పద్ధతికి అదనపు ఖర్చు లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు, అయ్యే కాలం ఒక నిమిషం లోపే. అనుకూలమైన రోగులందరికీ దీనిని ఆనవాయితీగా చేయాలన్నది న్యాయమైన కోరిక. వాయువును వెచ్చబరచి, తేమ కలిపి పంపే యంత్రాలు కూడా ఉన్నాయి గాని, వాటి ఫలితాలు అన్నిచోట్లా ఒకే తీరుగా రాలేదు.

ఇంట్లో చేయదగినవి సులభమైనవే. నొప్పి ఎక్కువైనపుడు ఎత్తైన దిండ్లు తీసేసి, అరగంటసేపు వెల్లకిలా పడుకుంటే చాలామందికి ఊరట కలుగుతుంది. ఆయాసం ఉన్నవారు మాత్రం తల ఎత్తులోనే ఉంచుకోవాలి. భుజానికి వేడినీళ్ల సంచితోనో, పాత పద్ధతిలో ఉప్పు మూటతోనో కాపడం పెట్టవచ్చు. పొట్టమీది రంధ్రాల దగ్గరకు ఆ వేడి పోకూడదు. మధుమేహంతో స్పర్శ తగ్గినవారికి వేడి ఎంత ఉందో మరొకరు చెయ్యి పెట్టి చూడాలి. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో మొదలుపెట్టిన అమృతాంజనం వంటి లేపనాలు చర్మానికి ఇచ్చే చురుకు మనసును నొప్పినుంచి కొంత మళ్లిస్తుంది. నొప్పి వేరు దాకా అది చేరదు, రాసుకుంటే తప్పూ లేదు. కాపడం వల్ల వచ్చే ఊరటకూ కారణం ఇటువంటిదే. భుజం చర్మం నుంచి వచ్చే వెచ్చని కబురు అదే పోస్టాఫీసులో నొప్పి ఉత్తరంతో పోటీపడుతుంది.

మాత్రల విషయంలో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. నొప్పి భరించలేనంత అయ్యేదాకా ఓర్చుకుని అప్పుడు మాత్ర వేసుకోవడం మొదటిది. తొలి రెండు మూడు రోజులు వైద్యుడు రాసిన వేళకు పారాసెటమాల్ వేసుకుంటూ పోతేనే నొప్పి అదుపులో ఉండి, నడవడానికీ ఊపిరి తీయడానికీ వీలవుతుంది. ఒకే మందును రెండు పేర్లతో వేసుకోవడం రెండోది. పెద్దవారికి రోజు మొత్తంలో పారాసెటమాల్ 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువైనవారికీ, కాలేయ వ్యాధి ఉన్నవారికీ ఇంకా తక్కువే ఇవ్వాలి. జలుబు మాత్రలలోనూ, నొప్పి మాత్రల మిశ్రమాలలోనూ అదే మందు కలిసి ఉంటుందన్న సంగతి మరువరాదు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి ఈ నొప్పికి బాగా పనిచేస్తాయి గాని, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవారూ, రక్తం పలచబడే మందులు వాడేవారూ వైద్యుని అడగకుండా వాటిని తాకకూడదు. ట్రమడాల్ వంటి ఘాటైన మందులు భుజం నొప్పికి చేసే మేలు అంతంతమాత్రం. అవి తెచ్చే వాంతి, మలబద్ధకం మాత్రం కుట్ల మీద భారం మోపుతాయి.

కోలుకోవడంలో మందుకంటె కదలికది పెద్ద పాత్ర. ఆపరేషన్ అయినవారు కదలకుండా పడి ఉండాలన్న భావన పొడవు కోతల కాలం నుంచి వస్తున్నది. ఆ కాలానికైనా అది పూర్తిగా సరైనది కాదు. కదలకుండా పడుకుంటే కాలి సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది, పేగులు ఆలస్యంగా మేలుకుంటాయి, ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోతుంది. శస్త్రచికిత్స జరిగిన సాయంత్రమే ఒకరి సాయంతో నాలుగడుగులు వేయించడం ఇప్పటి పద్ధతి. నడిస్తే రక్తప్రసరణ చురుకై, ఊపిరి లోతై, వాయువు ఇంకిపోవడానికి అనువు ఏర్పడుతుంది. నిలబడితే భుజం నొప్పి పెరుగుతుంది కదా అంటే, పెరుగుతుంది. అందుకే కొద్దిసేపు నడక, కొద్దిసేపు పడక అన్నట్టు రోజంతా విడతలుగా సాగాలి.

మంచం మీదినుంచి లేవడం ఒక చిన్న విద్య. వెల్లకిలా ఉన్నవారు నిటారుగా లేవబోతే పొట్ట కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుని కుట్లు లాగుతాయి. అలా కాకుండా ముందు రెండు మోకాళ్లూ మడిచి, భుజమూ తుంటీ ఒకేసారి కదిలేలా మొద్దు దొర్లినట్టు పక్కకు తిరగాలి. కాళ్లను మంచం అంచు దాటించి కిందికి జారవిడుస్తూ, కింది మోచేతినీ పై అరచేతినీ పరుపుకు ఆనించి, చేతుల బలంతో పైకి లేవాలి. కూర్చున్నాక నాలుగు ఊపిరులు తీసుకుని, కళ్లు తిరగడం లేదని తెలుసుకున్న తరువాతే పాదాల మీద నిలబడాలి. నేలమీది చాపకంటె ఎత్తైన మంచం ఈ వారం రోజులూ మేలు. దగ్గు, తుమ్ము వచ్చేటపుడు దిండునో మడిచిన దుప్పటినో పొట్టకు గట్టిగా అదుముకుంటే నొప్పి సగానికి సగం తగ్గినట్టుంటుంది. ఆసుపత్రిలో ఇచ్చే మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం చాలా ఇళ్లలో తప్పుగా వాడుకలో ఉంది. బంతులు లేచేలా ఊదాలని అనుకుంటారు. నిజానికి గొట్టాన్ని పెదవుల మధ్య బిగించి, నెమ్మదిగా లోపలికి పీల్చాలి. పీల్చినపుడే బంతి లేస్తుంది, లేచిన బంతిని రెండు మూడు క్షణాలు నిలిపితే ఊపిరితిత్తి అడుగుదాకా విచ్చుకుంటుంది. ఊదడంవల్ల ఆ ప్రయోజనం లేదు.

పథ్యం సంగతి తెలుగునాట ప్రత్యేకంగా చెప్పుకోక తప్పదు. పప్పు తింటే చీము పడుతుందన్న నమ్మకంతో, శస్త్రచికిత్స అయినవారికి వారాల తరబడి చారన్నం, బ్రెడ్డు ముక్కలే పెట్టే ఇళ్లు కోకొల్లలు. చీముకు కారణం సూక్ష్మజీవులే గాని కందిపప్పు కాదు. గాయం మానడానికి శరీరానికి మాంసకృత్తులే ఇటుకలు. పప్పు, పెసలు, గుడ్డు, పెరుగు, తినే అలవాటున్నవారికి చేప, ఇవన్నీ మానుపుకు తోడ్పడతాయి. పిత్తాశయం తీసినవారు మాత్రం తొలివారాలలో వేపుళ్లు, నూనె తేలే కూరలు తగ్గించుకోవడం మంచిది, ఎందుకంటే పైత్యరసాన్ని నిలవచేసే సంచి పోయి, అది పేగులోకి చుక్కచుక్కగా జారుతూ ఉంటుంది గనక, ఒక్కసారిగా పడే కొవ్వుకు కొందరిలో విరేచనం పలచబడుతుంది. రంధ్రాల మీద పసుపు, కొబ్బరినూనె వంటివి పూయకూడదు. పొడిగా, శుభ్రంగా ఉంచడమే వాటికి చేయవలసిన సేవ.

పైకి కనబడే గాయం చిన్నది కావడం మరో విధంగా మోసం చేస్తుంది. అర సెంటీమీటరు నుంచి ఒకటింపావు సెంటీమీటరు దాకా ఉండే ఆ రంధ్రాలు వారం పది రోజులలో చర్మం మీద మానిపోతాయి. చూసినవారు ఇంకేం, బాగైపోయింది అంటారు. కాని లోపల, ముఖ్యంగా బొడ్డు దగ్గర, కండరాల కప్పు గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఈలోపు బరువెత్తితే ఆ రంధ్రంగుండానే హెర్నియా రావచ్చు. నాలుగైదు కిలోలకు మించిన బరువును తొలివారాలలో ఎత్తవద్దని చెప్పడం పరిపాటి. నీళ్లు నిండిన బిందె, బియ్యం సంచి, చంకనెత్తమని మారాం చేసే రెండేళ్ల బిడ్డ, ఇవన్నీ ఆ హద్దు దాటినవే. ఇంటి గ్యాస్ బండలో 14.2 కిలోల వాయువుంటే, బండ బరువుతో కలిపి అది దాదాపు 30 కిలోలు. కుర్చీలో కూర్చుని చేసే పనికి ఒకటి రెండు వారాలలో తిరిగి వెళ్లవచ్చు. నాట్లకూ కోతలకూ వంగే కూలి మహిళకు, బస్తాలు మోసే హమాలీకి నాలుగు నుంచి ఆరు వారాలు అవసరం. గర్భాశయం తీసినవారికి ఆరు వారాలు తప్పనిసరి. రోజుకూలి మీద బతికే ఇంటికి ఇన్ని వారాలు పని మానడం ఎంత భారమో తెలియనిది కాదు. అయినా తొందరపడి బరువెత్తి హెర్నియా తెచ్చుకుంటే, ఆ ఇల్లు రెండోసారి అన్ని వారాల కూలినీ పోగొట్టుకుంటుంది.

ఇంతవరకు చెప్పినది దానంతటదే తగ్గే నొప్పి గురించి. అయితే ఉదరవితానానికి ఒక పరిమితి ఉంది. తనను రేపుతున్నది ఏమిటో అది చెప్పలేదు. కార్బన్ డయాక్సైడు రేపినా, లోపల చిమ్మిన రక్తం రేపినా, కారిన పైత్యరసం రేపినా, కాలేయం పైన చేరిన చీము రేపినా, భుజానికి అది పంపే ఉత్తరం ఒక్కటే. ప్లీహం చిట్లి రక్తం పోయేవారికి ఎడమ భుజం నొప్పి రావడాన్ని ఒక గుర్తుగా జర్మన్ సర్జన్ హాన్స్ కేర్ పేరుతో వైద్యులు నేటికీ చదువుకుంటారు. కాబట్టి నొప్పి ఉందా లేదా అన్నది కాదు, అది ఏ దిశగా పోతున్నదన్నది చూడాలి. రోజురోజుకూ దిగుతుంటే అది వాయువే. మూడో రోజు తరువాత దిగవలసింది పెరుగుతుంటే, లేదా తగ్గి మళ్లీ మొదలైతే, వాయువు మీద నెపం వేయడానికి వీల్లేదు. దానికితోడు జ్వరం, చలి, కళ్లు పచ్చబడటం, పొట్ట రాయిలా బిగుసుకోవడం, ఆగని వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. ముఖం పాలిపోయి, నాడి వేగమై, లేస్తే సొమ్మసిల్లుతుంటే లోపల రక్తస్రావాన్ని అనుమానించాలి. ఛాతీ బిగుతు, చెమటలు, ఎడమ చెయ్యి గాని దవడ గాని లాగడం గుండెపోటుకు సూచన. ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం, గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి చేరిందేమోనన్న అనుమానానికి కారణాలు. ఈ రెంటిలోనూ, సొమ్మసిల్లినపుడూ, గంటలు కాదు, నిమిషాలు లెక్కలోకి వస్తాయి. గుండెపోటును గ్యాస్ అనుకుని తెల్లవారేదాకా ఆగిన ఇళ్ల కథలు ప్రతి ఊరికీ తెలుసు. శస్త్రచికిత్స తరువాత ఆ మాట మరింత సులభంగా నోటికి వస్తుంది గనక, మరింత జాగ్రత్త కావాలి.

ఈ కారణంగానే, భుజం నొప్పి వస్తుందని ముందే చెప్పడం మర్యాద కోసం చేసే పని కాదు, చికిత్సలో భాగం. ఎందుకు వస్తుందో, ఎన్నాళ్లుంటుందో, ఎప్పుడు భయపడాలో తెలిసిన రోగి తొలి రెండు రోజులు ధైర్యంగా నడుస్తాడు, మూడో రోజున తేడా వస్తే వెంటనే గుర్తుపడతాడు. సంతకాల కాగితాల మీద చిన్న అక్షరాలలో కనబడే వాక్యం దీనికి చాలదు. రోగి భాషలో, ఇంటికి తీసుకువెళ్లే మనిషి ఎదుట, రెండు నిమిషాలు చెప్పాలి. అలా చెప్పని చోట అడిగి తెలుసుకునే హక్కు రోగికి ఉంది. ఇంటికి పంపే కాగితం చేతికి రాగానే, రాత్రివేళ ఫోను చేయవలసిన నంబరు దానిమీద రాసి ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడే నిలబడి రాయించుకోండి. ఆ నంబరు పలకని రాత్రి ప్రమాద సూచన ఏదైనా కనబడితే, వాము డబ్బా కోసం వంటింట్లోకి వెళ్లకుండా 108కి ఫోను చేయండి.